కృష్ణానగర్ రూంలో వారం రోజులు, ఏడు సినిమాలు: జానర్ అంటే ఏంటి, కల్ట్ అంటే ఏంటి?

(ఈ వారం వీడియో ఎపిసోడ్‌కి ఇది రాత రూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా సర్దాం. మాట మాత్రం మాటలాగే ఉంచాం.)

వెనకాల సౌండ్ వస్తుంటే ఏమీ అనుకోకండి. కింద టిఫిన్ బండి ఉంది, దాని పక్కనే బైక్ మెకానిక్. కృష్ణానగర్‌లో సైలెంట్‌గా ఉండే రూం కావాలంటే అద్దె డబుల్ అవుతుంది. అది మన వల్ల కాదు.

మన ఛానల్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి చిన్న పరిచయం. నేను ఎడిటింగ్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని. పని ఉన్న రోజుల్లో పగలూ రాత్రీ తేడా ఉండదు. పని లేని రోజుల్లో ఇదిగో, మీతో కబుర్లు. కృష్ణానగర్ తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ పక్కన, జూబ్లీహిల్స్ కిందుగా ఉంటుంది. అన్నపూర్ణ స్టూడియోస్ దగ్గర్లోనే, ఫిల్మ్‌నగర్ కొండ మీద. పైన హీరోల ఇళ్లు, కింద మేము. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మ్యాన్‌లు, డాన్సర్లు, అసిస్టెంట్ డైరెక్టర్లు, మేకప్ వాళ్లు, అందరూ ఇక్కడే. తెల్లారకముందే రోడ్డు మీద ప్రొడక్షన్ బండి కోసం నిలబడే మనుషుల్ని చూస్తే ఊరు అర్థమైపోతుంది.

సరే, అసలు విషయం. పోయిన వారం నాకు పని లేదు. మా రూమ్మేట్‌కి అంతకంటే పెద్ద కష్టం వచ్చింది. వాడు అసిస్టెంట్ డైరెక్టర్. మూడేళ్లుగా ఒక హారర్ కథ రాసుకుంటున్నాడు. పల్లెటూళ్లో మూసేసిన రైస్ మిల్లు, అందులో నైట్ డ్యూటీ చేసే ఒక మనిషి, అంతే. ఒక ఆఫీసులో కథ చెప్పి వచ్చాడు. ఎవరి ఆఫీసు అన్నది వదిలేయండి. వాళ్లు మొత్తం విని, "బాగుంది బాబూ, కానీ జానర్ సినిమా మనకెందుకు? ఒక లవ్ ట్రాక్ పెట్టు, కామెడీ బ్యాచ్ పెట్టు, అప్పుడు రా" అన్నారంట.

వాడు రూంకొచ్చి గోడకి ఆనుకుని కూర్చుని ఒక మాటన్నాడు: "అన్నా, ఆడకపోయినా పర్లేదు, నా సినిమా కల్ట్ అవుతుంది."

ఆ మాట నాకెందుకో గుచ్చుకుంది. ఎందుకంటే వాళ్ల నాన్న ఊళ్లో ఎరువుల షాపు నడుపుతాడు. సంక్రాంతి దాకా చూస్తా, ఆ తర్వాత వచ్చి షాపులో కూర్చోవాల్సిందే అని చెప్పేశాడు. చేతిలో అంత తక్కువ టైం ఉన్నవాడు "ఎప్పటికో కల్ట్ అవుతుంది" అని ధైర్యం చెప్పుకుంటున్నాడంటే అది ధైర్యమా, తప్పించుకోవడమా? నాకు అర్థం కాలేదు. అందుకని "రారా, వారం రోజులు రోజుకో సినిమా చూద్దాం, తేల్చుకుందాం" అన్నా. మూడు రూల్స్ పెట్టుకున్నాం. ఒకటి, 1.5 స్పీడ్ లేదు. రెండు, మధ్యలో ఫోన్ చూడకూడదు. మూడు, సినిమా అయ్యాక "బాగుంది, బాలేదు" అనకూడదు, ఎందుకో చెప్పాలి.

ముందు రెండు మాటలు తేల్చుకుందాం

జానర్, కల్ట్. ఈ రెండూ మనం ఒకే గాటన కట్టేసి వాడేస్తాం. కానీ రెండూ వేరు.

జానర్ అంటే టికెట్ కొనకముందే సినిమా మనకిచ్చే మాట. హారర్ అంటే "భయపెడతా" అని మాటిచ్చినట్టు. థ్రిల్లర్ అంటే "ఏం జరుగుతుందో చివరిదాకా చెప్పను, కానీ కట్టిపడేస్తా" అని. జానపదం అంటే "మాంత్రికుడు, రాకుమారి, సాహసం ఉంటాయి" అని. ఆ మాట ఇచ్చేది సినిమా తీసేవాళ్లు.

కల్ట్ అంటే సినిమా వచ్చేశాక ప్రేక్షకులు దాన్ని దత్తత తీసుకోవడం. మళ్లీ మళ్లీ చూడటం, డైలాగులు బట్టీ పట్టడం, మీమ్‌లు చేయడం, తెలియనివాడికి కూర్చోబెట్టి చూపించడం. ఈ మాట ఇక్కడ పుట్టింది కాదు. అమెరికాలో 1975లో 'ది రాకీ హారర్ పిక్చర్ షో' అనే సినిమా వచ్చింది. మొదట్లో ఆడలేదు. తర్వాత న్యూయార్క్‌లో అర్ధరాత్రి షోలు వేయడం మొదలుపెడితే జనం ఆ పాత్రల్లాగే డ్రెస్సులేసుకుని వచ్చి, తెర మీద డైలాగ్‌కి కింద నుంచి జవాబులు అరవడం మొదలెట్టారు. కల్ట్ సినిమా అనగానే ఇప్పటికీ ముందు చెప్పే ఉదాహరణ అదే.

మన దగ్గర ఆ అర్ధరాత్రి షో పని టీవీ చేసింది, తర్వాత ఫోన్ చేసింది, ఇప్పుడు రీరిలీజ్ చేస్తోంది. 2022 ఆగస్టు 9న మహేష్ పుట్టినరోజుకి 'పోకిరి' స్పెషల్ షోలు పడ్డాక ఈ గాలి ఎలా వీచిందో మీకందరికీ తెలుసు.

కాబట్టి లెక్క ఇది. జానర్ మన చేతిలో ఉంటుంది, కల్ట్ మన చేతిలో ఉండదు. ఇది నేను సోమవారమే చెప్పాను. మా వాడు ఒప్పుకోలేదు. సరే, చూద్దాం అన్నాను.

సోమవారం: జగన్మోహిని (1978)

మొదలు విఠలాచార్య గారితోనే. తెలుగులో జానర్ సినిమా గురించి మాట్లాడుతూ ఆయన్ని వదిలేస్తే పాపం తగులుతుంది. ఆయన సొంతూరు కర్ణాటకలోని ఉడుపి ప్రాంతం. కానీ 'జానపద బ్రహ్మ' అని పిలుచుకున్నది మనం. 'జగన్మోహిని'లో నరసింహరాజు, ప్రభ, మోహినిగా జయమాలిని. పొయ్యిలో కట్టెలకి బదులు కాళ్లు పెట్టి వంట చేసే దెయ్యం సీను మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, వెంటనే నవ్వుతారు.

ఇప్పుడు చూస్తే ట్రిక్కులన్నీ కనిపించేస్తాయి. అయినా నాకు ఆశ్చర్యం వేసింది ఎక్కడంటే, సినిమా ఎక్కడా సిగ్గుపడదు. దెయ్యం కథ అని మాటిచ్చింది కదా, దెయ్యాన్ని దాచిపెట్టుకుని ఇంకేదో చూపించదు. చేతిలో ఉన్న డబ్బుకి, చేతిలో ఉన్న కెమెరాకి ఏది కుదురుతుందో అది చేసేస్తుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చునేవాడిగా చెప్తున్నా, కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్లీ కెమెరా ఆన్ చేసే మాయ ఇప్పటికీ పని చేస్తుంది. మీ ఫోన్‌లో రీల్ చేసేటప్పుడు చిటికేసి డ్రెస్ మార్చేస్తారే, అదే విద్య.

మా వాడు అడిగాడు, "అన్నా, నా సినిమాలో దెయ్యం ఇంటర్వెల్ దాకా రాదు కదా, తప్పా?" తప్పు కాదు. కానీ అంతవరకు ఏదో ఉంది అన్న అనుమానమైనా రావాలి కదా. వాడి స్క్రిప్టులో మొదటి నలభై పేజీల్లో అది లేదు.

మంగళవారం: మోసగాళ్లకు మోసగాడు (1971)

తెలుగు కౌబాయ్. సూపర్‌స్టార్ కృష్ణ గారి పద్మాలయ సంస్థ తీసిన సినిమా. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, రాసింది ఆరుద్ర, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. యూనిట్ మొత్తాన్ని రాజస్థాన్ ఎడారికి తీసుకెళ్లి షూట్ చేశారు. ఒక్కసారి ఆలోచించండి, 1971లో! అప్పటి ప్రేక్షకుడికి టోపీ, తుపాకీ, గుర్రం ఉన్న తెలుగు హీరో అనేదే వింత.

"ఇంగ్లీష్ సినిమా కాపీ కదా" అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. సెర్జియో లియోన్ 1966లో తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' ప్రభావం కచ్చితంగా ఉంది. కానీ కొంచెం వెనక్కి వెళ్దాం. అదే లియోన్ 1964లో తీసిన 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' జపాన్ దర్శకుడు కురొసావా 1961లో తీసిన 'యొజింబో' నుంచి వచ్చింది. ఆ కురొసావాకేమో అమెరికన్ వెస్టర్న్‌లు తీసిన జాన్ ఫోర్డ్ అంటే ప్రాణం. అంటే అమెరికా నుంచి జపాన్, జపాన్ నుంచి ఇటలీ, అక్కడి నుంచి మన దగ్గరికి. జానర్ అనేది ఊరూరా తిరిగే జాతర లాంటిది. ఏ ఊరికి వస్తే ఆ ఊరి మొహం పెట్టుకుంటుంది.

మన మొహం ఏంటి ఇందులో? నాగభూషణం. ఆయన వేసిన జిత్తులమారి దొంగ పాత్ర చూస్తుంటే ఎడారి మర్చిపోయి, మన ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది. అదీ సొంతం చేసుకోవడమంటే. 2023 మే 31న, కృష్ణ గారు పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజుకి, దీన్ని 4కేలో మళ్లీ విడుదల చేశారు. యాభై ఏళ్లు దాటినా దీన్ని తెర మీద చూడాలనుకునే జనం ఉన్నారు.

బుధవారం: శివ (1989)

దీని గురించి కొత్తగా ఏం చెప్తాం అనుకుంటూనే పెట్టాం. సైకిల్ చైన్ లాగే సీను వచ్చేసరికి ఇద్దరం లేచి కూర్చున్నాం.

రామ్‌గోపాల్ వర్మ విజయవాడలో ఇంజనీరింగ్ చదివి, అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల షాపు నడిపిన మనిషి. అమీర్‌పేట ఇక్కడికి పెద్ద దూరం కాదు. అంటే ఆయన ఫిల్మ్ స్కూల్ ఆ క్యాసెట్ల అలమరే. ఇప్పుడు మన జేబులో ఉన్న ఫోన్ ఆ షాపు కంటే వెయ్యి రెట్లు పెద్ద లైబ్రరీ. తేడా ఏంటంటే, ఆయన ఒకే సినిమా మళ్లీ మళ్లీ చూశాడు. మనం వెయ్యి సినిమాల థంబ్‌నెయిల్స్ చూస్తాం.

'శివ'లో కాలేజీ గొడవలు, రౌడీ, మంచి హీరో, అన్నీ పాత సరుకే. మారింది చూపించిన పద్ధతి. స్టెడీకామ్ మనిషి వెనకాలే పరిగెడుతుంది. భవాని పాత్రలో రఘువరన్ అరవడు, నెమ్మదిగా మాట్లాడతాడు, అదే ఎక్కువ భయం. గొడవ మొదలయ్యే ముందు సౌండ్ తగ్గుతుంది. ఆ నిశ్శబ్దం ఉంది చూశారా, 1.5 స్పీడ్‌లో పెడితే ముందు పోయేది అదే. కథ అర్థమవుతుంది, భయం పోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. 'శివ' వచ్చిన రోజు నుంచే హిట్. కాబట్టి "ఫ్లాప్ అయితేనే కల్ట్" అన్న మా వాడి సిద్ధాంతం బుధవారం రాత్రికే కూలిపోయింది. 2025 నవంబర్‌లో ఇది మళ్లీ థియేటర్లకి వచ్చినప్పుడు, సినిమా వచ్చేనాటికి పుట్టని పిల్లలు వెళ్లి చూశారు. హిట్ కావడం, కల్ట్ కావడం ఒకదానికొకటి అడ్డం కాదు.

గురువారం: ఆదిత్య 369 (1991)

సింగీతం శ్రీనివాసరావు గారు. టైం మెషీన్ ఎక్కి ఒకసారి శ్రీకృష్ణదేవరాయల కాలానికి, ఇంకోసారి 2504వ సంవత్సరానికి వెళ్లే కథ. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఈ కథ విని నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ గారికి చెబితే సినిమా మొదలైంది. ముగ్గురు కెమెరామెన్ పని చేశారు: పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్. మంగళవారం చూసిన కౌబాయ్ సినిమాకి కెమెరా పట్టిన స్వామి గారే ఇక్కడ మళ్లీ కనిపించారు. వరసగా చూస్తే ఇలాంటి చుట్టరికాలు దొరుకుతాయి. అదో సరదా.

నా అభిప్రాయం చెప్తా, కొట్టొద్దు. భవిష్యత్తు భాగం ఇప్పుడు కొంచెం తేలిపోయింది. సెట్లు, డ్రెస్సులు చూస్తే నవ్వొస్తుంది. కానీ రాయలవారి భాగం? ఇప్పటికీ బంగారం. ఎందుకో ఆలోచించాం. భవిష్యత్తు మనకి అరువు తెచ్చుకున్న ఊహ. రాయలు, తెనాలి రామకృష్ణుడు, భువనవిజయం మన ఇంటి కథలు. సైన్స్ ఫిక్షన్ అనే కొత్త బండిని మనకి తెలిసిన ఊరికి తోలుకెళ్లారు. పిల్లాడికీ అర్థమైంది, తాతకీ అర్థమైంది.

"మీ రైస్ మిల్లులో నీకు మాత్రమే తెలిసింది ఏముందిరా?" అని అడిగాను. వాడు చాలాసేపు ఆలోచించి, చిన్నప్పుడు మిల్లు మూసేసిన రోజు సాయంత్రం గురించి చెప్పాడు. అంతవరకు రోజంతా వినిపించే మోత ఆగిపోయేసరికి ఊళ్లో పిల్లలకి నిద్ర పట్టలేదంట. అది స్క్రిప్టులో లేదు! మూడేళ్లు రాశాడు, అసలైన భయం బయటే వదిలేశాడు.

శుక్రవారం: ఐతే (2003)

ఇది మా ఇద్దరికీ అవసరమైన సినిమా. చంద్రశేఖర్ ఏలేటి మొదటి సినిమా, నిర్మాత గుణ్ణం గంగరాజు. 'అమృతం' సీరియల్ అంటే మీకు వెంటనే తెలుస్తుంది, ఆ గంగరాజు గారే. ఉద్యోగాల్లేని కుర్రాళ్లు, ఒక డాన్, ఒక విమానం. పెద్ద హీరో లేడు. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది.

దీన్ని ఎడిటింగ్ కళ్లతో చూడండి. ఏ సీనూ ఊరికే ఉండదు. మొదట్లో తేలిగ్గా అనిపించిన మాట చివర్లో బరువు పెడుతుంది. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు స్క్రిప్టే స్టార్. తక్కువ లొకేషన్లు, తక్కువ మనుషులు, కానీ థ్రిల్లర్ అని మాటిచ్చారు కాబట్టి చివరి రీలు దాకా బిగి వదలరు. ఆ తర్వాత ఆయన 2005లో తీసిన 'అనుకోకుండా ఒకరోజు' కూడా చూడండి, అదే తరహా పట్టు.

ఆఫీసులో "జానర్ సినిమా మనకెందుకు" అన్నారు కదా, దానికి జవాబు ఇక్కడ ఉంది. అయితే వాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాలి. డబ్బు పెట్టేవాడికి శుక్రవారం ఉదయం ఆట ఒక్కటే కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే మీమ్‌తో ఈ నెల వడ్డీ కట్టలేడు. ఆ భయం అబద్ధం కాదు.

శనివారం: ఖలేజా (2010)

ఇదిగో, మా వాడి బ్రహ్మాస్త్రం. "చూశావా అన్నా, అప్పుడు ఆడలేదు, ఇప్పుడు కల్ట్!" నిజమే. 2010 అక్టోబర్ 7న వచ్చింది, అనుకున్నంత ఆడలేదు. తర్వాత టీవీలో ఎన్నిసార్లు వేశారో లెక్కే లేదు. 2025 మే 30న మళ్లీ రిలీజ్ చేస్తే థియేటర్లలో డైలాగ్ తెర మీద కంటే ముందు జనం నోట్లో వచ్చింది.

మరి అప్పుడెందుకు ఆడలేదు? నా లెక్క ఇది. మాట ఒకటి ఇచ్చారు, లోపల ఇంకొకటి ఉంది. 'అతడు' తర్వాత అదే హీరో, అదే దర్శకుడు అంటే జనం మనసులో ఒక బొమ్మ ఉంటుంది. లోపలికి వెళ్తే ఒక టాక్సీ డ్రైవర్‌ని ఒక ఊరు దేవుడు అని నమ్ముతోంది, వాడేమో "నేను కాదు మొర్రో" అని జోకులేస్తున్నాడు. ఫాంటసీయా, కామెడీయా, యాక్షనా? తేల్చుకునేలోపు సినిమా అయిపోయింది. టీవీలో రెండోసారి చూసేటప్పుడు ఆ బొమ్మ లేదు. ఉన్నది ఉన్నట్టు చూశాం, నవ్వుకున్నాం, లోపల ఉన్న దేవుడి సంగతి కూడా తాకింది.

కానీ ఇక్కడే అసలు మాట. 'ఖలేజా'కి రెండో జీవితం ఎలా వచ్చింది? మహేష్ బాబు ఉన్నాడు, త్రివిక్రమ్ పేరుంది, శాటిలైట్ హక్కులు ఉన్నాయి, ఛానల్ పదే పదే వేసింది. ఆ అవకాశం కొత్తవాడి సినిమాకి దొరకదు. మొదటి వారం పోయాక మళ్లీ చూసే వేదికే దొరకని చిన్న సినిమా కల్ట్ ఎలా అవుతుంది? మనం కల్ట్ అని లెక్కపెట్టేవి బతికి బయటపడ్డవి మాత్రమే. మునిగిపోయినవి మన లెక్కలోకే రావు.

ఇంకొకటి కూడా చెప్పాలి. రీరిలీజ్‌కి జనం వస్తే సంతోషమే. కానీ ఆ డబ్బు హక్కులు ఉన్నవాళ్లకి వెళ్తుంది. ఆ రోజు లైటు మోసినవాడికి, గుంపులో పరిగెత్తిన జూనియర్ ఆర్టిస్టుకి ఆ రోజు కూలీతోనే లెక్క అయిపోయింది. మా బిల్డింగ్‌లోనే ఒక పెద్దాయన ఉన్నారు, లైట్ డిపార్ట్‌మెంట్. మీరు పండగ చేసుకునే సినిమాల్లో పని చేశారు. "బాబాయ్, మీ సినిమా మళ్లీ రిలీజంట, టికెట్ తెమ్మంటారా?" అంటే, "రేపు కాల్‌షీట్ ఉందిరా, పొద్దున్నే లేవాలి" అన్నారు. అంతే.

మా వాడు దానికి ఏమీ అనలేదు.

ఆదివారం: నేనింతే (2008)

చివరిది మా ఇంటి సినిమా. పూరి జగన్నాథ్ తీసింది. రవితేజ డైరెక్టర్ అవ్వాలనుకునే అసిస్టెంట్ డైరెక్టర్. బాక్సాఫీసు దగ్గర పెద్దగా నిలబడలేదు గానీ, ఉత్తమ నటుడిగా రవితేజకి నంది అవార్డు తెచ్చింది. దీనికంటే ముందు 2002లో 'ఖడ్గం'లో కూడా ఆయన ఒక్క ఛాన్స్ కోసం తిరిగే నటుడే. కృష్ణానగర్‌లో ఎవర్ని అడిగినా ఈ రెండు పాత్రల గురించీ చుట్టాల గురించి చెప్పినట్టు చెప్తారు.

ఊరంతా మర్చిపోయినా మా వీధుల్లో ఇది బతికే ఉంది. కల్ట్ అంటే కోట్ల మంది అక్కర్లేదు అని నాకు అర్థమైంది ఇక్కడే. ఒక గుంపు మనుషులకి "ఇది మన గురించే" అనిపిస్తే చాలు. 2018లో 'ఈ నగరానికి ఏమైంది' వచ్చినప్పుడు షార్ట్ ఫిల్మ్‌లు తీసుకునే ఫ్రెండ్స్ బ్యాచ్‌లకి అలాగే అనిపించింది. అందుకే 2023లో రీరిలీజ్ చేస్తే బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా వెళ్లారు.

సినిమా అయిపోయాక చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. మా వాడు బయటికెళ్లి టీ తెచ్చాడు.

ఇంతకీ వారం తర్వాత నాకు తెలిసిందేంటి?

మూడు ముక్కల్లో చెప్తా.

ఒకటి. కల్ట్‌ని ప్లాన్ చేయలేం. "జనానికి తర్వాత అర్థమవుతుంది" అనుకుంటూ తీస్తే అది ధైర్యం కాదు, ముందే రాసుకున్న సాకు. ఈ ఏడు సినిమాలు తీసినవాళ్లు ఎవరూ ఎప్పుడో ఎవరో మీమ్ చేస్తారని తీయలేదు. ఆ శుక్రవారం వచ్చే ప్రేక్షకుడి కోసమే తీశారు.

రెండు. జానర్‌ని మాత్రం నేర్చుకోవచ్చు. అది పనివాడి విద్య. మాటివ్వాలి, మొదటి పది నిమిషాల్లో ఆ మాట వినిపించాలి, చివరిదాకా నిలబెట్టుకోవాలి, మనకి మాత్రమే తెలిసిన ఒక ముక్క అందులో కలపాలి. ప్రశాంత్ వర్మ దారి చూడండి. 2018లో 'అ!', దానికి మేకప్‌కి, స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డులు. 2021లో 'జాంబీ రెడ్డి', అందులో జాంబీలకి రాయలసీమ ఫ్యాక్షన్ కలిపాడు. 2024లో 'హనుమాన్'. ఒక్క రోజులో జరగలేదు. ఒక్కో జానర్ మెట్టు ఎక్కుతూ వెళ్లాడు.

మూడు. ఇది మీకోసం, అంటే ఫోన్‌లో సినిమా చూసే మనందరికోసం. కల్ట్ చేసేది మనమే కాబట్టి మన మీద కూడా కొంచెం బాధ్యత ఉంది. పాత సినిమాకి వెళ్లి పేపర్లు ఎగరేయండి, అరవండి, తప్పులేదు. సీట్లు చింపొద్దు, లోపల టపాసులు కాల్చొద్దు. దానికంటే ముఖ్యంగా, ఈ శుక్రవారం వచ్చిన చిన్న జానర్ సినిమాకి ఈ శుక్రవారమే ఒక టికెట్ తీయండి. పదేళ్ల తర్వాత "అయ్యో, అండర్‌రేటెడ్" అని స్టేటస్ పెట్టే బదులు ఇప్పుడు నలుగురికి చెప్పండి. మన పొగడ్త ఆలస్యంగా వస్తే తీసినవాడు అప్పటికి ఊళ్లో షాపులో కూర్చుని ఉంటాడు.

మా వాడి సంగతి అడుగుతారు కదా. ఆదివారం రాత్రి మొదటి నలభై పేజీలు పక్కన పెట్టేశాడు. కొత్త మొదటి పేజీ రాశాడు. మిల్లు మోత ఆగిపోతుంది, ఊళ్లో పిల్లలు ఒక్కొక్కరే నిద్రలేస్తారు, అంతే. చదివి వినిపించాడు. నాకు భయమేసింది, నిజంగా. లవ్ ట్రాక్ లేదు. సంక్రాంతికి ఇంకా కొంచెం టైం ఉంది. ఎవరైనా ఓకే అంటారా లేదా, నేను మాటివ్వలేను. కానీ ఇప్పుడు వాడు "కల్ట్ అవుతుంది" అనడం మానేశాడు. "పదో నిమిషానికి భయపడాలి అన్నా" అంటున్నాడు. ఆ తేడా చాలు నాకు.

సరే అండీ, ఇవాళ్టికి ఇంతే. ఈ ఏడింటిలో మీరు చూడనిది ఒకటి ఎంచుకోండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, స్పీడ్ మార్చకండి, చూశాక ఎందుకు నచ్చిందో కామెంట్‌లో ఒక్క లైను రాయండి. "సూపర్ బ్రో" అంటే ఒప్పుకోను, ఎందుకో చెప్పాలి. రేపు పొద్దున్నే నాకు కాల్‌షీట్ వచ్చింది, వెళ్లి పడుకోవాలి. ఉంటా మరి.